కాలిపోయిన పళ్ళసెట్టు

2018 వేసవి. శ్రీకాకుళం పట్టణంలో నేను దంతవైద్యశాల పెట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. కింద బట్టల కొట్టు, పైన మేడ మీద నా రెండు గదులు. బోర్డు మీద పేరు, డిగ్రీ తప్ప మరేమీ రాయించలేదు. పళ్ళు బయటపెట్టి నవ్వే సినిమా తారల బొమ్మలు నాకు గిట్టవు. శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్ళలో మా ఇంటిపేరు ఇప్పటికీ కొందరికి గుర్తుంది. ఊళ్ళు పోయాయి, భూములు పోయాయి, మా దివాణం ఇప్పుడు ఒక రైసుమిల్లు వారి బస్తాల గోడౌను. మిగిలిన పేరును బేరానికి పెట్టడం ఇష్టం లేక బోర్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంచాను.

పళ్ళ డాక్టరు పళ్ళే చూస్తాడని చాలామంది అనుకుంటారు. మేము నోరంతా చూడాలి. నాలుక, బుగ్గల లోపలి పొర, చిగుళ్ళు, నాలుక కింద, పైన అంగిలి. చూడాలి అని రాశాను, చూస్తున్నామని రాయలేదు. ఆ తేడా ఎంత ప్రమాదకరమో నూకాలమ్మ కేసులో తెలుస్తుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చింది. అరవైకి దగ్గరగా ఉంటుంది. సముద్రం ఒడ్డు పేట నుంచి రోజూ ఆటోలో పట్నానికి వచ్చి, వీధి వీధీ తిరిగి చేపలు అమ్ముతుంది. వెంట ఆమె కొడుకు అప్పలరాజు. ఆటో అతనిదే. ఆమె ప్లాస్టిక్ కవరు విప్పి రెండు పై పళ్ళసెట్లు నా బల్ల మీద పెట్టింది.

"ఇదేమో కాలిపోనాది బాబూ. ఇదేమో కదిలిపోతాది. రెండూ కలిపి నాకు మంచిదొకటి సేసియ్యి."

కట్టుడు పళ్ళసెట్టును మేము డెంచర్ అంటాం. పళ్ళు, చిగురు, అంగిలిని కప్పే రేకు, అన్నీ యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తాం. దాన్ని మసిలే నీళ్ళలో వేస్తే వంకర పోతుంది. కాలదు. నా చేతిలో ఉన్నది కాలింది. నాలుక వైపు రేకు మధ్యలో గోధుమరంగు మచ్చ, దాని నడుమ నల్లగా మాడి బుడగలు లేచిన చోటు.

"ఇదెలా కాలిందమ్మా?"

"టీ మరీ ఏడిగా తాగీసినానంట. పళ్ళు కట్టిన డాట్రే సెప్పినాడు."

"పొయ్యి మీంచి దించీ దించకుండా తాగీస్తాది సార్" అన్నాడు అప్పలరాజు. "కోప్పడి రెండోది కట్టినారు. ఇది కాల్సకు అని సెప్పి మరీ ఇచ్చినారు."

టీకి కాలిన యాక్రిలిక్ నా వృత్తిలో నేను చూడలేదు. చదువుకున్న డాక్టరు ఆ మాట ఎలా అన్నాడో అర్థం కాలేదు. ఆమెను కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, మౌత్ మిర్రర్, అంటే పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం, లోపల పెట్టి అంగిలి చూశాను.

ఆరోగ్యంగా ఉన్న అంగిలి లేత గులాబీ రంగులో ఉంటుంది. ఆమెది ఎండిపోయిన చెరువు అడుగులా ఉంది. తెల్లగా మందం కట్టి, పగుళ్ళు తీసి, ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు. కుడిపక్కన చింతగింజంత పుండు. అంచులు లేచి ఉన్నాయి. గ్లవ్స్ వేసుకుని వేలితో తాకితే అంచు గట్టిగా తగిలింది. ఆ గట్టిదనం ఏమిటో నోటి డాక్టర్లకు చెప్పనక్కర్లేదు.

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"కార్తీకంలో మొదలైనాది. డోలోత్సవం నాటికి ఇలగయ్యింది. ఒరుసుకుంతందని ఆ డాట్రు పళ్ళసెట్టు అరగదీసినాడు. మళ్ళీ ఎల్తే మళ్ళీ అరగదీసినాడు. తగ్గలేదని పెద్ద డాట్రు కాడికెల్తే బలం మాత్రలు రాసినాడు, పూత మందు ఇచ్చినాడు."

పళ్ళసెట్టు రాపిడికి పుండు పడటం మామూలే. దానికి మా చదువులో మొదటి ఏడాదిలోనే ఒక నియమం నేర్పుతారు. సెట్టు తీసేస్తే రెండు వారాల్లో మానాలి, మానకపోతే అది రాపిడి పుండు కాదు. కార్తీకం నుంచి వేసవి దాకా రెండు వారాలు ఎన్ని గడిచాయో లెక్క పెట్టుకోవలసిన వాళ్ళు ఇద్దరూ పెట్టుకోలేదు.

"ఏమైనా అలవాట్లు ఉన్నాయా?" అని అడిగాను. అందరు డాక్టర్లూ అడిగే ప్రశ్నే.

అప్పలరాజు నవ్వాడు. "మా అమ్మకి అలవాట్లేటి సార్? మా అమ్మ దేవత. అలవాట్లన్నీ నావే." చొక్కా జేబులో సిగరెట్ పెట్టె. దాని మీద అచ్చు వేసిన కుళ్ళిన నోటి బొమ్మ సగం బయటికి కనిపిస్తోంది.

"పెద్ద డాక్టరు కూడా అడిగాడా?"

"అడిగినారు సార్. స్మోకింగ్ ఉందా అన్నారు. లేదన్నాను. సిగరెట్టా, బీడీయా అన్నారు. ఆడమనిషికి అయ్యెందుకుంటాయి సార్ అన్నాను. ఆయనా నవ్వినారు."

ఆయన నవ్విన సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నూకాలమ్మ కుర్చీలో లేచి కూర్చుంటుంటే చీర రొంటిలో దోపుకున్న చుట్ట కొస కనిపించింది. పెద్ద డాక్టరుకూ అది కనిపించే ఉండాలి. ఆయన చూసి ఉంటే.

"నూకాలమ్మా, సుట్ట కాలుస్తావా?"

"కాలస్తాను."

"నిప్పు బయటికా, లోపలికా?"

"లోపలికే. నిప్పు బయట ఎట్టుకొని కాల్సీది మొగోలు కదేటి?"

"మరి అలవాట్లు లేవన్నారు?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "సుట్ట అలవాటేటి బాబూ? అలగైతే అన్నం అలవాటు కాదేటి? మా అమ్మ కాల్సింది, మా అత్త కాల్సింది. అలవాటంటే ఈడిది." కొడుకు జేబు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా తీరంలో ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. ఒడ్డున సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, తడి చేతులతో ముట్టుకోనక్కర్లేదు, వల దులుపుతున్నా గంప ఎత్తుతున్నా చుట్ట దాని మానాన అది కాలుతుంది. అంగిలికి అంగుళం కింద నిప్పు ఉంటుంది. వేడి, పొగలోని తారు, రెండూ నేరుగా పైకే తగులుతాయి. అంగిలి కాన్సర్ మిగతా చోట్ల అరుదు. మా దగ్గర అరుదు కాదు. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేశారు గాని, సంతలో దారం కట్టి అమ్మే చుట్టల కట్ట మీద ఏ బొమ్మా లేదు. పొగ తాగేవాడంటే మగవాడని ప్రభుత్వమూ అనుకుంది, డాక్టరూ అనుకున్నాడు, కన్నకొడుకూ అనుకున్నాడు.

మొదటి సెట్టు కాలినందుకు ఆ డాక్టరు చేత తిట్లు తిన్నది కదా, అందుకని రెండోదాన్ని ఆమె జాగ్రత్తగా చూసుకుంది. ఏ వేడీ తగలకూడదని చుట్ట వెలిగించేముందు కూడా తీసి చెంగున కట్టుకునేదట. ఉన్న ఆ ఒక్క కప్పు కూడా లేకుండా నిప్పు అంగిలికే తగిలింది. డాక్టరు మాట విన్నందుకు దొరికిన ఫలితం ఇది.

ఆమెను బయట కూర్చోబెట్టి ఆ పళ్ళ డాక్టరుకు ఫోన్ చేశాను. నాకంటే చిన్నవాడు.

"సెట్టు నల్లగా మాడింది. ఎందుకు మాడిందని అడగలేదా?"

"టీ సార్. వాళ్ళు చెబితే వినరు సార్."

"యాక్రిలిక్ టీకి మాడుతుందా?"

"రోజుకి అంతమంది వస్తారు సార్. అన్నీ అడుగుతూ కూర్చుంటే అవుతుందా?"

"అరగదీయడానికి తీరిక ఉంది కదా" అని ఫోన్ పెట్టేశాను. నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు కింద బట్టల కొట్టు వాళ్ళకు కూడా వినిపించిందట.

తల్లీకొడుకులను మళ్ళీ లోపలికి పిలిచాను. తర్వాత చేయవలసింది బయాప్సీ. అంటే పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. అది లేకుండా కాన్సర్ అని గాని కాదని గాని ఎవరూ చెప్పలేరు. ఆ మాట వినగానే నూకాలమ్మ లేచి నిలబడింది.

"నేనొచ్చింది పళ్ళకి. కోతకి కాదు."

"చిన్న ముక్క. మత్తు ఇస్తాను. నొప్పి తెలియదు."

"ఈ రోజు సిన్న ముక్కంతావు. రేపు పెద్ద ముక్కంతావు. నోరు పోతే సేప ఎలాగ అమ్మీది బాబూ? కాస్త కంపు కొట్టినా సేప కొంటారు గానీ, నోరు లేని మనిషి కాడ కొనరు. నేనొక్క కేక ఏస్తే మేడల మీంచి అమ్మగార్లు గిన్నెలట్టుకొని దిగుతారు. ఆ కేకే నా అంగడి."

"అమ్మా, కూకో. సార్ సెప్పింది ఇను" అన్నాడు అప్పలరాజు.

"నువ్వు నోరు ముయ్యి. దేవతంట, దేవత."

ఆమె భయం తప్పని నేను అనలేను. అంగిలిలో పెద్ద భాగం తీయవలసి వస్తే మాట పోతుంది. ఆలస్యం చేస్తే మాటతో పాటు మనిషీ పోతుంది. ఇది ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆమె గోడ మీద నా పాత ఫోటో ఉన్న డిగ్రీ పటం దగ్గరికి వెళ్ళి నా ముఖం, పటం, మళ్ళీ నా ముఖం చూసింది.

"నువ్వు దివాణం బాబువి కదేటి? ఆ ముక్కు సూసి అనుకుంతన్నాను. పెరటి గుమ్మం కాడ మా అమ్మ గంప దించీది. ముసలి దొరసాని గారు గడప లోపల కూకొనీవారు, మా అమ్మ గడప బయట. ఇద్దరూ అడ్డసుట్ట కాల్సీవారు. మా అమ్మే సుట్టలు సుట్టి పట్టుకెల్లీది."

ఆమె చెబుతున్న దొరసాని మా నాయనమ్మ. మా ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు బయటివాళ్ళ ముందు పలకడమే మర్యాద కాదు. మా నాయనమ్మ నోట్లో నిప్పు పెట్టుకునేదని మా బంధువుల్లో కూడా చాలామందికి తెలియదు. పెరటి గుమ్మంలో మాత్రం అందరికీ తెలుసన్నమాట.

"ఆయమ్మ ఏటయిపోనారు బాబూ? వాతం సేసి పోనారని అన్నారు. మా అమ్మ సూస్తానని ఎల్తే గుమ్మం తియ్యనేదంట."

వాతం అని ఊరంతటికీ చెప్పింది మేమే. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ గది తలుపు మూసి ఉండేది. గుమ్మం బయట సాంబ్రాణి వేసేవారు, లోపలి వాసన అయినా ఆగేది కాదు. విశాఖ తీసుకువెళదామని ఒకరన్నారు. పరాయి డాక్టరు ముందు నోరు తెరిపిస్తే దివాణం పరువు ఏం కావాలని మరొకరన్నారు. తెరిపించలేదు. ఆ తర్వాత ఎంతో కాలం ఆ పరువుతో మేము ఏం సాధించామో నాకు కనిపించలేదు. దివాణం అమ్మేటప్పుడు దాన్ని ఎవరూ బేరంలో లెక్క కట్టలేదు.

"వాతం కాదు" అన్నాను. "నీకున్నదే ఆమెకూ ఉండేది. పుండు పెద్దదై అంగిలికి చిల్లు పడింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. ఆఖరికి ఆమె ఏం అడుగుతోందో మాకు అర్థమయ్యేది కాదు. మేము దాచాం."

అప్పలరాజు తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

నూకాలమ్మ మెల్లగా కుర్చీ దగ్గరికి వచ్చింది. రొంటిలోంచి చుట్ట తీసి నా ట్రేలో పెట్టి కూర్చుంది. "అయితే కొయ్యి బాబూ. దాసుకోడానికి నాకు దివాణం లేదు."

పరీక్షలో కాన్సర్ అనే వచ్చింది. ఎముకలోకి కొద్దిగానే దిగింది, మెడలో గడ్డలు లేవు. విశాఖలో ఆపరేషన్ అన్నారు. అక్కడి సర్జన్ మొదటి షరతు చుట్ట మానడం. దీనికి కారణం ఉంది. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. గాయానికి రక్తం సరిగా అందక కుట్లు మానవు. కాల్చి కాన్సర్ తెచ్చేది వేడీ, తారూ. ఆ నిప్పు దగ్గరికి మనిషిని మళ్ళీ మళ్ళీ లాక్కొచ్చేది నికోటిన్. 'అన్నం అలవాటు కాదేటి' అని ఆమె అన్నది వేళాకోళం కాదు. నికోటిన్‌కు అలవాటు పడిన మెదడు దాన్ని ఆకలి లాగే అడుగుతుంది.

నమిలే నికోటిన్ గమ్ము పై పళ్ళు లేని నోటికి పనికిరాదు. చర్మానికి అంటించే పట్టీలు ఇచ్చారు. ఒక ఉదయం అప్పలరాజు ఫోన్ చేశాడు.

"సార్, మా అమ్మ పిచ్చెక్కినట్టు తిడతంది. నన్నెందుకు కన్నానా అని కూడా తిడతంది. ఒక్క సుట్ట ఇచ్చీమంటారా?"

వెనక నుంచి ఆమె కేక వినిపించింది. "ఒరే, ముందు నీ జేబులోది సముద్రంలో పారెయ్యి. అప్పుడు నాకు సెప్పు!"

"ఆ మాటకు నీ దగ్గర జవాబు ఉందా?" అని అడిగాను. అతను ఫోన్ పెట్టేశాడు. పెట్టె పారేశాడు, మళ్ళీ కొన్నాడు, మళ్ళీ పారేశాడని తర్వాత తెలిసింది. తల్లి మాత్రం ఒకసారే పారేసింది.

ఆపరేషన్‌లో అంగిలి కుడిభాగం తీసేశారు. నోటికీ ముక్కుకూ మధ్య చిల్లు మిగిలింది. దాన్ని మూయడానికి చేసే పళ్ళసెట్టును ఆబ్చురేటర్ అంటారు. మామూలు సెట్టుకే పైన చిల్లులో కూర్చునే ఒక బుడిపె ఉంటుంది. బుడిపె కొంచెం చిన్నదైతే నీళ్ళు ముక్కులోకి పోతాయి, పెద్దదైతే పుండు పడుతుంది. గాయం మాని కుదురుకునే దాకా కొలత మారుతూనే ఉంటుంది. ఆ పని నేనే చేస్తానన్నాను.

అది లేకుండా ఆమె మాట ముక్కులోంచి వచ్చేది. 'బాబు' అనబోతే 'మామ' అన్నట్టు వినిపించేది. "సూసినావా, సుట్టరికం కలిసిపోనాది" అని తనే నవ్వింది. ఆ మాటను అప్పలరాజు నాకు విడమరిచి చెప్పవలసి వచ్చింది.

చివరి కొలత సరిపోయిన రోజు సెట్టు పెట్టించి, నీళ్ళు తాగించాను. ముక్కులోకి రాలేదు. 'బాబు' అనమన్నాను. 'బాబు' అంది. మాట్లాడకుండా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, రెక్కలు తోసి, వీధి మీదికి ఒక్క కేక వేసింది.

"సేపలో... వంజరాలో... రొయ్యలో!"

కాస్త బొంగురు ఉంది. కాని అది వీధి ఆ చివర దాకా వెళ్ళింది. ఎదుటి మేడ మీద ఒకావిడ గిన్నె పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చి గంప ఎక్కడా అని వెతకడం నేను చూశాను. నూకాలమ్మ కిటికీలోంచే చెప్పింది: "రేపట్నుంచమ్మా! రేపు దిగు!"

ఆ ఏడాది మా జిల్లా దంతవైద్యుల సమావేశంలో నేను ఈ కేసు చెప్పాను, రెండు సెట్లూ చూపించాను. టీ అన్న డాక్టరు మూడో వరసలో ఉన్నాడు. పేరు నేను అనలేదు. చెప్పడం అయ్యాక ఒక పెద్దాయన అన్నాడు: "అడ్డపొగ ఇప్పుడెక్కడుందండీ? ముసలాళ్ళతో పోయింది. నా దగ్గరికైతే ఒక్కరూ రారు." ఆయన ఆసుపత్రి నుంచి సముద్రం ఆటోలో ఎంతో దూరం లేదు. రావడం లేదట. వచ్చినవాళ్ళను ఏమని అడుగుతున్నాడో, ఏం జవాబు విని పంపేస్తున్నాడో ఆయన ఆలోచించలేదు. ఆయన చిరునవ్వు చూస్తే, తలుపు మూసిన ఒక గది బయట సాంబ్రాణి వేసినవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

ఈ కేసు నాకు నేర్పింది చాలా చిన్న విషయం. రోగిని ఆమె మాటతో అడగాలి. 'స్మోకింగ్' అంటే లేదంటుంది, 'అలవాటు' అంటే లేదంటుంది, రెండూ నిజమే. 'సుట్ట, నిప్పు లోపలికా' అని అడిగితే ఉంది అంటుంది, అదీ నిజమే. అడగడం చేతకాని చదువు ఎంత పెద్దదైనా ఆ పుండును చూడలేదు. అడిగిన తర్వాత కూడా నమ్మకుండా, కంటితో అంగిలి చూడాలి.

రాని వాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలని చెప్పింది నూకాలమ్మ, ఆ సమావేశం అయిన కొద్ది రోజులకు సెట్టు చూపించుకోవడానికి వచ్చి. "మా పేటలో ఇలాటి నోళ్ళు ఇంకా ఉన్నాయి. నీ మెట్లెక్కి ఆళ్ళు రారు" అంది. మర్నాడు ఆదివారం టార్చి, అద్దాలు పట్టుకుని వెళ్ళాను. ఆడవాళ్ళను ఆమె కేకలేసి పోగు చేసి, బోర్లించిన గంపల మీద వరసగా కూర్చోబెట్టింది. "సిగ్గేటే? నోరే కదా! అబద్ధాలాడీటప్పుడు తెరుస్తావు కదా" అని మొదటి మనిషిని గదమాయించింది.

క్లినిక్‌లో కుర్చీ వెనక్కి వాలుతుంది, అంగిలి నా కంటి ముందుకు వస్తుంది. అక్కడ కుర్చీ లేదు. నిలబడి చూస్తే నాలుక ఒక్కటే కనిపిస్తుంది. వంగి చూశాను, చాలలేదు. తడి ఇసకలో రెండు మోకాళ్ళూ ఆన్చి, తల ఆమె గడ్డం కన్నా కిందికి దించితేనే పైభాగం కనిపిస్తుంది. అలాగే ఆన్చాను.

"అయ్యో, దివాణం బాబూ, లెగండి" అని గంప మీద మనిషి కంగారుగా లేవబోయింది. "పంట్లాం పాడైపోతాది."

"పోనీ. కూర్చో అమ్మా" అన్నాను. "నోరు తెరువు. ఇంకా తెరువు."